పడుకుంటే ఒక బీపీ, నిలబడితే ఇంకో బీపీ

పార్కిన్సన్స్ అనగానే అందరికీ చెయ్యి వణకడమే గుర్తొస్తుంది. తర్వాత నడక నెమ్మదించడం, గొంతు తగ్గిపోవడం, రాసే అక్షరాలు చిన్నవైపోవడం. ఇవన్నీ పైకి కనిపించేవి కాబట్టి ఇంట్లోవాళ్ళూ గమనిస్తారు, డాక్టరూ అడుగుతారు. పైకి కనిపించని బాధ ఇంకొకటి ఉంది. పొద్దున మంచం దిగి నాలుగడుగులు వేసేసరికి కళ్ళు చీకట్లు కమ్ముతాయి. టిఫిన్ తిన్న కాసేపటికి ఒళ్ళు వాలిపోతుంది. పూజ పూర్తయ్యేదాకా నిలబడలేక గోడ పట్టుకోవాల్సి వస్తుంది. ఏమైందని అడిగితే "ఏం లేదు, కాస్త నీరసం" అంటారు. ఇంట్లోవాళ్ళు గ్లూకోజ్ కలిపి ఇస్తారు. అప్పటికీ తగ్గకపోతే దగ్గర్లో ఎక్కడో సెలైన్ ఎక్కిస్తారు.

దాన్ని నీరసమని వదిలేయకండి. పార్కిన్సన్స్ ఉన్న ప్రతి 10 మందిలో సుమారు ముగ్గురికి నిలబడగానే రక్తపోటు పడిపోతుంది. అది ఆ జబ్బులో భాగమే. ఇంట్లోనే కొలవవచ్చు, చాలావరకు అదుపులో పెట్టుకోవచ్చు. ఈ అధ్యాయం మొత్తంలో మీరు ఒక్క మాటే గుర్తుపెట్టుకున్నా చాలు: కుర్చీలో కూర్చోబెట్టి ఒక్కసారి చూసిన బీపీని బట్టి పార్కిన్సన్స్ ఉన్న మనిషికి వైద్యం చేయకూడదు. పడుకున్నప్పుడు ఎంత ఉందో, నిలబడినప్పుడు ఎంత ఉందో రెండూ తెలియాలి.

నిలబడటం వెనక ఉన్న పని

పడుకున్న మనిషి లేచి నిలబడగానే అర లీటరు నుంచి లీటరు దాకా రక్తం పొట్టలోకీ కాళ్ళలోకీ దిగిపోతుంది. ఆ క్షణంలో తలకు అందే రక్తం తగ్గాలి. అయినా ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు ఏమీ కాదు. ఎందుకంటే మెడలోని కెరోటిడ్ ధమనిలోనూ, గుండె నుంచి బయల్దేరే బృహద్ధమనిలోనూ రక్తపోటును కనిపెట్టి ఉండే నాడుల కొసలు ఉంటాయి. పోటు తగ్గిన సంగతి అవి మెదడు కాండానికి చేరవేస్తాయి. అక్కడి నుంచి సింపథెటిక్ నాడుల ద్వారా ఆదేశం వెళ్తుంది. ఆ నాడుల కొసల్లో నార్‌అడ్రినలిన్ విడుదలై రక్తనాళాలు బిగుసుకుంటాయి, గుండె కాస్త వేగం పెంచుతుంది. ఇదంతా కొన్ని సెకన్లలో, మన ప్రమేయం లేకుండా జరిగిపోతుంది. ఈ పని చేసేది స్వయంచోదిత నాడీవ్యవస్థ. చెమట పట్టడం, తిన్నది అరగడం, మలమూత్రాలు సాఫీగా సాగడం కూడా దాని అజమాయిషీలోనే ఉంటాయి.

పార్కిన్సన్స్‌లో ఆల్ఫా సైన్యూక్లియన్ అనే ప్రోటీన్ నాడీకణాల్లో ముద్దలుగా పేరుకుంటుంది. 1912లో ఫ్రెడరిక్ లూయీ ఈ ముద్దలను మొదట వర్ణించినప్పుడు అవి ఆయనకు కనిపించిన చోట్లలో ఒకటి మెదడు కాండంలోని వేగస్ నాడి కేంద్రం. గుండెకూ పేగులకూ వెళ్ళే నాడి అది. కదలికలను నడిపే నల్లకణాల ప్రాంతంలో వాటిని ట్రెటియాకాఫ్ చూపించింది 1919లో. తర్వాత 2003లో జర్మనీకి చెందిన హైకో బ్రాక్ బృందం, చాలామందిలో ఈ మార్పులు వేగస్ కేంద్రంలోనూ వాసన నాడి దగ్గరా ముందు మొదలై, ఆ తర్వాతే కదలికల కేంద్రానికి పాకుతాయని ప్రతిపాదించింది. చెయ్యి వణకడానికి ఎన్నో ఏళ్ళ ముందే కొందరికి మలబద్ధకం ఎందుకు పట్టుకుంటుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో డేవిడ్ గోల్డ్‌స్టీన్ బృందం చేసిన గుండె స్కాన్లలో, నిలబడితే బీపీ పడిపోయే పార్కిన్సన్స్ రోగులకు గుండెలోని సింపథెటిక్ నాడుల కొసలు బాగా తగ్గిపోయి కనిపించాయి.

ఇలా ఊహించుకోండి: మేడ మీది ట్యాంకుకు నీళ్ళు ఎక్కించే మోటారు బాగానే ఉంది, కానీ కింది వాల్వు బిగించమని కబురు అందడం లేదు. నీళ్ళు కిందే ఉండిపోతాయి. అందుకే ఈసీజీ, ఎకో తీసి "గుండె బాగానే ఉంది" అని చెప్పినా కళ్ళు తిరగడం ఆగదు. పరీక్ష తప్పు కాదు. ఆ పరీక్షలు పడుకోబెట్టి తీసినవి. ఇబ్బంది వచ్చేదేమో నిలబడినప్పుడు.

ఈ గుర్తులు కనిపిస్తే అనుమానించండి

కళ్ళు తిరగడం, కళ్ళ ముందు మసక, కాళ్ళలో సత్తువ జారిపోవడం అందరికీ తెలిసినవే. తెలియనివి కొన్ని ఉన్నాయి. నిలబడి ఉన్నంతసేపు మెడ వెనక, రెండు భుజాల మీద లాగేస్తున్నట్టు నొప్పి, కూర్చోగానే తగ్గిపోవడం. నిలబడి మాట్లాడుతుంటే మాట తడబడి, ఆలోచన మొద్దుబారి, పడుకోగానే తేటపడటం. ఈ నొప్పిని స్పాండిలైటిస్ ఖాతాలో, ఈ మొద్దుబారడాన్ని మతిమరుపు ఖాతాలో వేయడం మామూలు. కారణం లేకుండా పడిపోవడాన్నేమో బ్యాలెన్స్ తప్పిందనుకుంటారు.

వీటన్నిటినీ కలిపే గుర్తు ఒకటే: నిలబడితే వస్తుంది, కూర్చుంటే లేదా పడుకుంటే పోతుంది. కొందరికి పోటు ఎంత పడినా ఏమీ తెలియదు, నేరుగా పడిపోతారు. కాబట్టి ఏ బాధా లేకపోయినా కొలిచి చూడటమే మేలు.

ఇంట్లో కొలిచే పద్ధతి

దండ చేతికి కట్టే ఆటోమేటిక్ బీపీ మెషీన్ చాలు. వణుకు తక్కువగా ఉన్న చేతికి కట్టండి, లేకపోతే మెషీన్ మాటిమాటికీ ఎర్రర్ చూపిస్తుంది. పక్కన ఒక మనిషి, వెనక ఒక కుర్చీ తప్పకుండా ఉండాలి.

ముందు 5 నిమిషాలు వెల్లకిలా పడుకోబెట్టి బీపీ, నాడి చూసి రాయండి. తర్వాత లేపి నిలబెట్టి 1 నిమిషానికి ఒకసారి, 3 నిమిషాలకు ఒకసారి చూడండి. నిలబడి కొలిచేటప్పుడు చెయ్యి వేలాడకుండా గుండె ఎత్తులో ఆనించి పట్టుకోండి. మధ్యలో కళ్ళు తిరిగితే వెంటనే కూర్చోబెట్టండి, మిగతాది కొలవక్కర్లేదు. కళ్ళు తిరిగాయని రాసుకుంటే అదే పెద్ద సమాచారం.

నిలబడిన 3 నిమిషాల్లోపు పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే దాన్ని ఆర్థోస్టాటిక్ హైపోటెన్షన్ అంటారు. 1996లో నిపుణులు కూర్చుని ఒప్పుకున్న నిర్వచనం ఇది. నాడి అంకె కూడా ఎంతో చెబుతుంది. ఒంట్లో నీరు తగ్గి బీపీ పడితే నాడి బాగా పరుగెడుతుంది. నాడుల లోపం వల్ల పడితే పెద్దగా పెరగదు. పై అంకె 20 పడినప్పుడు నాడి కనీసం 10 కూడా పెరగకపోతే నాడుల లోపాన్నే ముందు అనుమానిస్తారు. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు వాడేవారికి మాత్రం ఈ లెక్క కుదరదు.

ఒక వారం పాటు పొద్దున మాత్ర వేసుకునే ముందు, మధ్యాహ్నం భోజనమైన గంటకు, రాత్రి పడుకునే ముందు ఇలా కొలవండి. మాత్ర వేసుకున్న టైము, తిన్న టైము పక్కనే రాయండి. ఈ కాగితం చేతిలో ఉంటే మీరు నోటితో చెప్పలేనిదంతా డాక్టరుకు అది చెబుతుంది.

పొద్దుటి నుంచి సాయంత్రం దాకా

రోజు మొత్తంలో గడ్డు సమయం తెల్లవారే. మంచం మీదే, తల కాస్త ఎత్తి కూర్చుని, రెండు పెద్ద గ్లాసుల మామూలు నీళ్ళు, అంటే సుమారు అర లీటరు, 5 నిమిషాల్లోపు తాగండి. ఒక్కో గుటక జాగ్రత్తగా మింగండి. ఈ నాడుల లోపం ఉన్నవాళ్ళకు ఇలా తాగిన నీళ్ళే బీపీని గట్టిగా పెంచుతాయని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జెన్స్ జోర్డన్ బృందం 1999, 2000 సంవత్సరాల్లో ప్రచురించింది. పెరుగుదల కొద్ది నిమిషాల్లో మొదలై సుమారు గంటసేపు నిలుస్తుంది. తర్వాత కాళ్ళు కిందికి వేలాడేసి రెండు మూడు నిమిషాలు కూర్చోండి. మడమలు పైకీ కిందికీ ఆడించండి. పట్టుకోవడానికి ఆసరా చూసుకుని అప్పుడు లేవండి.

నీళ్ళలో గ్లూకోజ్ కలపకండి. తీపి, పిండి పదార్థాలు పేగుల వైపు రక్తాన్ని లాగి ఈ మనుషులకు బీపీని ఇంకా దించుతాయి. షుగర్ జబ్బుకు మందులు వాడేవారి విషయం వేరు. వాళ్ళకు కళ్ళు తిరిగితే ముందు గ్లూకోమీటరుతో చూడాలి, షుగర్ తక్కువగా ఉంటే తీపి ఇవ్వాల్సిందే.

పిండి పదార్థాలు బీపీని దించుతాయి కాబట్టే కంచం నిండా అన్నం తిన్న తర్వాతి రెండు గంటలు జాగ్రత్తగా ఉండాలి. మూడుసార్లు తినేదాన్ని ఐదారుసార్లు కొంచెం కొంచెంగా తినండి. అన్నం తగ్గించి కూర పెంచండి. పార్కిన్సన్స్‌కు వాడే లెవోడోపా మాత్రను భోజనానికి కనీసం అరగంట ముందు వేసుకోండి, పప్పులోనూ గుడ్డులోనూ మాంసంలోనూ ఉండే ప్రోటీన్ దానికి అడ్డుపడుతుంది. తిన్న వెంటనే లేచి పనిలో పడకుండా కాసేపు కూర్చోండి. మద్యం మానేయడమే మంచిది.

ఉప్పు సంగతి డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవాలి. ఎప్పుడో బీపీ ఎక్కువుందని ఉప్పు మానేసి, ఇప్పుడు నిలబడితే పడిపోతున్నా చప్పిడి కూడే తింటున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో చాలామందికి ఉప్పు వేసిన మజ్జిగ మందులా పనిచేయవచ్చు. గుండె బలహీనత, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం సొంతంగా ఉప్పు పెంచకూడదు.

బాత్‌రూమ్ దగ్గర నాలుగు జాగ్రత్తలు. కింద కూర్చునే దొడ్డి అయితే లేచేటప్పుడు పోటు ఒక్కసారిగా పడుతుంది, కమోడ్, గోడకు పట్టుకునే కమ్మీ పెట్టించండి. ముక్కడం వల్లా బీపీ పడుతుంది కాబట్టి మలబద్ధకానికి వైద్యం చేయించండి. మగవాళ్ళు రాత్రిపూట కూర్చునే మూత్రానికి వెళ్ళాలి. సలసలా కాగిన నీళ్ళ స్నానం రక్తనాళాలను వదులు చేస్తుంది, గోరువెచ్చని నీళ్ళతో, స్టూలు మీద కూర్చుని, తలుపు గడియ పెట్టకుండా చేయండి.

మన ఏప్రిల్, మే ఎండలు అసలే ప్రమాదం. చర్మంలోని నాళాలు వ్యాకోచిస్తాయి, పైగా కొందరికి చెమట పట్టే తీరే దెబ్బతిని ఉంటుంది. బయటి పనులు పొద్దు ఎక్కకముందే ముగించండి. దర్శనం క్యూలో, పెళ్ళి భోజనాల దగ్గర ఎక్కువసేపు నిలబడాల్సి వస్తే కుర్చీ అడగడానికి మొహమాటపడకండి. కళ్ళు తిరుగుతున్నట్టు అనిపించగానే ఆసరా పట్టుకుని తొడలు, పిరుదులు గట్టిగా బిగించండి, పిడికిళ్ళు నొక్కండి, వీలైనంత త్వరగా కూర్చోండి.

పొట్ట చుట్టూ బిగించే బెల్టు, పొడుగు మేజోళ్ళ కన్నా సులువుగా వేసుకోవచ్చు, మేలు కూడా ఎక్కువ. ఎందుకంటే జారిన రక్తంలో చాలా భాగం పొట్టలోనే నిలుస్తుంది. మంచం దిగకముందు కట్టుకోండి, పడుకునే ముందు తీసేయండి. వ్యాయామం మానకండి. నిలబడి చేయలేకపోతే కుర్చీలో కూర్చుని చేయండి.

రాత్రి కథ తిరగబడుతుంది

నిలబడితే బీపీ పడిపోయే వాళ్ళలో సుమారు సగం మందికి పడుకుంటే బీపీ పెరుగుతుంది. 5 నిమిషాలు పడుకున్నాక 140/90 గానీ అంతకు మించి గానీ ఉంటే దాన్ని సుపైన్ హైపర్‌టెన్షన్ అంటారు. మామూలుగా నిద్రలో తగ్గాల్సిన పోటు వీళ్ళకు తగ్గదు. పోటు పెరిగితే మూత్రపిండాలు ఉప్పునూ నీటినీ బయటికి తోసేస్తాయి. అందుకే రాత్రి మాటిమాటికీ మూత్రానికి లేవాల్సి వస్తుంది. తెల్లారేసరికి ఒంట్లో నీరు తగ్గి, నిలబడగానే ఇంకా పడిపోతుంది. రాత్రి అలా లేచినప్పుడే జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటారు.

దీనికి ఖర్చులేని మందు మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలో చెక్క దిమ్మెలో పెట్టి 6 నుంచి 9 అంగుళాలు ఎత్తడం. మంచం కదలకుండా దిట్టంగా ఉందో లేదో చూసుకోండి. తల కింద దిండ్లు పెంచితే సరిపోదు, మెడ ఒక్కటే వంగుతుంది. పగలు వెల్లకిలా పడుకోకుండా పడక కుర్చీలో వాలండి. పడుకునే గంట ముందు నుంచి ఎక్కువ నీళ్ళు తాగకండి. పడుకునే ముందు చిన్న ఫలహారం తింటే, పగలు ఇబ్బంది పెట్టిన ఆ పోటు తగ్గుదలే రాత్రి ఉపయోగపడుతుంది.

ఇక్కడే మొదట చెప్పిన మాట ఎంత ముఖ్యమో తెలుస్తుంది. రాత్రి పడుకున్నప్పటి అంకె ఒక్కటే చూసి బీపీ మాత్ర పెంచితే పొద్దున మనిషి పడిపోతాడు. పొద్దుటి అంకె ఒక్కటే చూసి పోటు పెంచే మందు ఇష్టం వచ్చినట్టు ఇస్తే రాత్రంతా మెదడు మీదా గుండె మీదా ఒత్తిడి పడుతుంది.

మందుల సంచి మొత్తం చూపించండి

పార్కిన్సన్స్ మందులు కూడా పోటును కొంత దించుతాయి. లెవోడోపా, ప్రమిపెక్సోల్, రోపినిరోల్, సెలెజిలిన్, రసాజిలిన్ అన్నీ ఆ కోవలోవే. అయినా వాటిని మీ అంతట మీరు ఆపకండి. లెవోడోపాను ఒక్కసారిగా ఆపితే తీవ్ర జ్వరం, ఒళ్ళు కొయ్యబారడంతో ప్రాణం మీదికి వస్తుంది.

ముందు తగ్గించదగ్గవి వేరే ఉంటాయి. ప్రోస్టేటుకు వాడే టామ్సులోసిన్, అల్ఫుజోసిన్, నీళ్ళ మాత్రలు, నైట్రేట్లు, నిద్రకూ నొప్పికీ రాసే అమిట్రిప్టిలిన్, ఎప్పుడో మొదలై ఇంకా నడుస్తున్న బీపీ మాత్రలు. వేర్వేరు డాక్టర్లు రాసిన వీటన్నిటినీ ఒకే సంచిలో వేసుకుని న్యూరాలజిస్టు దగ్గరా, గుండె డాక్టరు దగ్గరా బల్ల మీద పెట్టండి.

మందుల షాపులో "కళ్ళు తిరుగుతున్నాయి" అని చెప్పి మాత్రలు కొనుక్కోకండి. అలా చేతికొచ్చే సినారిజైన్, ఫ్లూనారిజైన్, ప్రోక్లోర్‌పెరజైన్ పార్కిన్సన్స్‌ను ఇంకా ముదరబెడతాయి. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్ కూడా అంతే. డోంపెరిడోన్ మెదడులోకి పెద్దగా వెళ్ళదు కాబట్టి లెవోడోపా వల్ల వచ్చే వికారానికి వాడతారు, కానీ గుండె లయను చెడగొట్టే ప్రమాదం ఉండటంతో 2014లో యూరప్ ఔషధ సంస్థ రోజుకు 30 మిల్లీగ్రాములు దాటకూడదని పరిమితి పెట్టింది. వాడుతుంటే ఈసీజీ తీయించుకోండి. పెర్గోలైడ్, కేబర్గోలిన్ లాంటి పాత తరం మందులు గుండె కవాటాలను గట్టిపరుస్తాయని తేలి, 2007లో అమెరికాలో పెర్గోలైడ్‌ను మార్కెట్ నుంచి తీసేశారు. ఎప్పుడైనా కేబర్గోలిన్ వాడి ఉంటే ఆ సంగతి చెప్పి ఎకో గురించి అడగండి.

దూలగొండి గింజల చూర్ణం వాడేవారు తప్పక చెప్పాలి. వాటిలో సహజంగానే లెవోడోపా ఉంటుంది. మాత్రల మీద అది కూడా కలిస్తే మోతాదు ఎంతవుతుందో డాక్టరుకు అంతుచిక్కదు, బీపీ ఇంకా పడవచ్చు.

ఈ జాగ్రత్తలు చాలకపోతే మందులున్నాయి. మిడోడ్రిన్ రక్తనాళాలను బిగిస్తుంది. చివరి మోతాదుకూ పడుకోవడానికీ మధ్య కనీసం 4 గంటలు ఉండాలి. ఫ్లూడ్రోకార్టిసోన్ ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలుపుతుంది. దాన్ని వాడేటప్పుడు పొటాషియం పరీక్ష, కాళ్ళ వాపు చూసుకుంటూ ఉండాలి. డ్రాక్సిడోపా ఒంట్లో నార్‌అడ్రినలిన్‌గా మారుతుంది. ఏది ఎవరికి సరిపడుతుందో మీరు రాసిన ఆ వారం కాగితం చూసే డాక్టరు నిర్ణయిస్తారు.

ఇంట్లోవాళ్ళకు

"త్వరగా లేవండి, టైమవుతోంది" అన్న మాట మానేయండి. "నాన్నగారూ, రెండు నిమిషాలు కూర్చుని లేవండి" అనండి. మనిషి స్పృహ తప్పుతుంటే లేపి నిలబెట్టడం, కుర్చీలో కూర్చోబెట్టడం చేయకండి. వెంటనే నేల మీద పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పట్టుకోండి. తెలివి పూర్తిగా వచ్చేదాకా నోట్లో నీళ్ళు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

అన్నీ పార్కిన్సన్స్ ఖాతాలో వేయకూడదు కూడా. ఛాతీలో నొప్పి, ఆయాసం, గుండె దడ వచ్చి స్పృహ తప్పడం, పడుకుని ఉండగానో నడుస్తుండగానో తెలివి పోవడం, మూతి వంకర పోవడం, తలకు దెబ్బ, నల్లటి విరేచనం కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. జబ్బు మొదలైన ఒకటి రెండేళ్ళలోనే బీపీ తీవ్రంగా పడిపోతూ, మూత్రం మీద పట్టు పోతుంటే అది మల్టిపుల్ సిస్టమ్ అట్రోఫీ అనే వేరే జబ్బేమో పరిశీలించమని న్యూరాలజిస్టును అడగండి.

ఈ వారం చేయాల్సినవి

1. బీపీ మెషీన్ తెచ్చి, పడుకుని, నిలబడి 7 రోజులు కొలిచి రాయండి.
2. మంచం తలవైపు ఎత్తండి.
3. పొద్దున లేచే ముందు అర లీటరు నీళ్ళు మొదలుపెట్టండి. గుండె, కిడ్నీ జబ్బుకు నీళ్ళు తగ్గించమన్న వారైతే ముందు డాక్టరును అడగండి.
4. ఇంట్లో ఉన్న మందులన్నీ ఒకే సంచిలో వేయండి.
5. ఆ కాగితం, ఆ సంచి పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. అక్కడ మామూలుగా కూర్చోబెట్టి బీపీ చూస్తే, "పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి కూడా చూడండి" అని అడగండి. అలా అడగడం మీ హక్కు. పార్కిన్సన్స్‌ను పూర్తిగా నయం చేసే మందు ఇంకా రాలేదు, కానీ ఈ ఒక్క ప్రశ్న అడిగితే పడిపోవడాలు ఎన్నో తప్పుతాయి.